కంచను కనిపెట్టుకుని

వాన వెలిసిన మర్నాడు పొద్దున ఏడింటికి మౌలాలి గుట్టల వైపు వెళ్లి, పూసిన తంగేడు పొద ఒకటి చూసుకుని దాని ముందు గొంతుక్కూర్చోండి. పది నిమిషాలు కదలకుండా ఉంటే చాలు. బొటనవేలి కొసంత నల్లటి తుమ్మెద ఎక్కణ్నుంచో వస్తుంది. గాల్లో ఉన్నంతసేపూ మంద్రంగా రొద చేస్తుంది. పువ్వు మీద వాలగానే ఆ రొద ఒక్కసారిగా తారస్థాయికి లేస్తుంది. రెండు మూడు క్షణాలు అలా మోగి ఆగిపోతుంది. తుమ్మెద ఇంకో పువ్వు మీదికి పోతుంది. పసుపుపచ్చటి పుప్పొడి దాని నల్లటి వీపు మీద పూసినట్టు కనిపిస్తుంది.

తంగేడు పువ్వులో తేనె ఉండదు. ఉన్నదల్లా పుప్పొడే, అదీ తేలిగ్గా అందదు. చాలా పువ్వుల్లో కేసరాల తిత్తులు నిలువునా చీలి పుప్పొడి రాలుతుంది. తంగేడులో తిత్తి చీలదు, దాని కొసన సన్నని రంధ్రం మాత్రం ఉంటుంది. ఉప్పుడబ్బాను ఊపితేగానీ ఉప్పు రాలనట్టే, ఈ పువ్వును ఎవరో ఒకరు ఊపాలి. తుమ్మెద కేసరాలను కాళ్లతో కరిచిపట్టుకుని, రెక్కలు కదపకుండా, ఎగరడానికి వాడే కండరాలను మాత్రం వేగంగా ఆడిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి రంధ్రంలోంచి చిమ్ముకొస్తుంది. మనం విన్న ఎత్తు స్వరం అదే. పువ్వు ఏర్పాటు ఇంకా లోతైనది. పొట్టి కేసరాలు తుమ్మెదకు మేత, పొడుగు కేసరాలు తుమ్మెద ఒంటికి పుప్పొడి పూయడానికి. ఒక చోట కూలి ఇచ్చి ఇంకో చోట పని చేయించుకోవడం అన్నమాట. మన తేనెటీగకు ఈ అదిరించే విద్య రాదు. రాలింది ఏరుకోవడమే దాని వంతు.

ఈ తుమ్మెద కాపురం ఎండిన కొయ్యలో. చచ్చిన కొమ్మను, ఎండిన మోడును పళ్లతో తొలిచి, గుండ్రటి సొరంగం చేసి, అందులో గుడ్లు పెడుతుంది. గుట్ట మీద ఎండుకొమ్మలన్నీ ఏరి, కుప్పపోసి, తగలబెట్టి, 'శుభ్రం చేశాం' అని సంతోషంగా ఇంటికెళ్లే బృందాలను నేను చూశాను. వాళ్ల మనసు మంచిదే. కానీ ఆ మంటలో కాలింది తుమ్మెద ఇల్లు. తుమ్మెద పోతే తంగేడుకు కాయ పట్టదు. కాయ పట్టకపోతే ఇరవై ఏళ్లకు ఆ గుట్ట మీద ముసలి తంగేళ్లు ఉంటాయి, పిల్ల తంగేడు ఒక్కటీ ఉండదు. 2014లో తెలంగాణ తన రాష్ట్ర పుష్పంగా ఎంచుకున్నది ఈ తంగేడునే.

తెలుగులో 'కనిపెట్టడం' అంటే కొత్తగా తెలుసుకోవడం. 'కనిపెట్టుకుని ఉండడం' అంటే కాపలా కాయడం, బాగోగులు చూడడం. సొంత నేల మీది మొక్కల్ని సాకాలనుకునేవాళ్లకు ఈ రెండూ విడివిడి పనులు కావు. మొదటిది చేయకుండా రెండోదానికి దిగితే మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తాం. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది అంతే. మిగతాదంతా దానికి ఉదాహరణలు.

మొదట ఆ నేల పేరు తెలుసుకోవాలి. దున్నకుండా పశువుల మేతకు వదిలేసిన పొదల నేలను తెలంగాణ పల్లెల్లో కంచ అంటారు. ఆ మాటలో చిన్నచూపు లేదు. కంచ ఊరికి ఆస్తి. మేత, వంటచెరకు, చీపురుగడ్డి, రేగుపళ్లు, సీతాఫలాలు, మందుచెట్లు, పండగ పూలు అన్నీ అక్కణ్నుంచే వచ్చేవి. కాగితాల మీదికి ఎక్కేసరికి కంచ 'బంజరు' అయింది. సికింద్రాబాద్‌కు కూతవేటు దూరంలో, బాలానగర్‌లో ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తోడ్పాటుతో దేశానికంతటికీ బంజరు భూముల అట్లాస్ తయారైంది. అందులో దట్టమైన పొదలున్న నేల, పలచని పొదలున్న నేల రెండూ బంజరు లెక్కలోకే వస్తాయి. ఉపగ్రహం తప్పు చూపలేదు. చూసినదానికి మనం పెట్టిన పేరే తప్పు. బంజరు అన్నాక దాన్ని ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. ప్లాట్లు చేయాలనో, పార్కు చేయాలనో, చివరికి 'అడవి' చేయాలనో.

2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగినప్పుడు జరిగింది ఇదే. పక్కనున్న యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ విద్యార్థులు అడ్డం నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించింది. అప్పటికే సుమారు నూరెకరాల పచ్చదనం నేలకూలింది. ఆ యూనివర్సిటీ ఆవరణలో దొరికిన ఒక సాలీడు శాస్త్రలోకానికి కొత్త జాతి అని తేలి, 2010లో దానికి మురీషియా హైదరాబాదెన్సిస్ అని పేరు పెట్టారు. మన ఊరి పేరు మోస్తున్న ఆ ప్రాణి ఇల్లు కూడా మనం బంజరు అని పిలిచే ఇలాంటి నేలే.

సికింద్రాబాద్ వైపు కంచ ముక్కలు ముక్కలుగా మిగిలింది. 1806లో కంటోన్మెంటుగా పుట్టిన ఊరు ఇది. సైన్యం గోడల వెనకాల చాలా నేల కట్టడాలు లేకుండా ఉండిపోయింది. మౌలాలి వాలుల మీద, యాప్రాల్ బండల సందుల్లో, బొల్లారం అవతల ఇంకొంత ఉంది. దీన్ని కాపాడినవి ఎక్కువగా రాళ్లే. దున్నలేరు, తవ్వలేరు, పునాది తీయాలంటే ఖర్చు. మన గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. పేలుడు మందు, పెద్ద యంత్రాలు వచ్చాక ఆ రాయికీ దిక్కులేకుండా పోయింది.

ఆ రోజుల్లోనే, 1996లో, కొందరు పౌరులు కలిసి 'సొసైటీ టు సేవ్ రాక్స్' పెట్టుకున్నారు. చరిత్రకారుడు నరేంద్ర లూథర్ దానికి అధ్యక్షుడిగా పనిచేశారు. జర్మనీ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఫ్రౌకే ఖాదర్ ఏళ్ల తరబడి ఆ సంఘాన్ని భుజాన మోశారు. బండల దగ్గరికి జనాన్ని నడిపించుకెళ్లి చూపించడం వాళ్ల ముఖ్యమైన పని. వాళ్లంతా పట్టుబట్టబట్టే అప్పటి నగరాభివృద్ధి సంస్థ హుడా వారసత్వ జాబితాలోకి కొన్ని బండలు ఎక్కాయి. మౌలాలి దగ్గరి సెంటినెల్ రాక్ వాటిలో ఒకటి. వాళ్లది రాళ్లను కాపాడే సంఘమే కావచ్చు. కానీ మన దగ్గర రాయిని కాపాడడమంటే చెట్టును కాపాడడమే. లెక్క వేసి చూడండి. నూరు చదరపు మీటర్ల నున్నటి బండ. ఏటా పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు. అంటే ఆ ఒక్క బండ మీద పడేది ఏడాదికి 80,000 లీటర్ల నీళ్లు. బండ తాగదు. కొంత ఆవిరైపోగా, కొంత దొనల్లో నిలవగా, మిగిలిందంతా జారి అంచున ఉన్న పిడికెడు ఎర్రమట్టిలోకి దిగుతుంది. బండ మొదట్లో ఉన్న చెట్టుకు పక్క చెలకలో ఉన్న చెట్టు కన్నా ఎన్నో రెట్లు వాన పడినట్టే. రాతి చీలికలోంచి తెల్లటి తపసి చెట్టు, కొండగోగు, జువ్వి ఎలా లేస్తున్నాయని ఆశ్చర్యపోతాం గానీ, వాటి వెనకాల అంత పెద్ద నీళ్ల దొర నిలబడి ఉన్నాడు. బండను పేల్చి తీసుకుపోయి చెట్టును మాత్రం ఉంచామంటే ఆ చెట్టు నోటి దగ్గరి చెంబు లాక్కున్నట్టే.

ఇక సర్కారు తుమ్మ సంగతి.

మన వైపు ఏ ఖాళీ నేల చూసినా ఉండే ముళ్ల చెట్టు ఇది. దాని పేరులోనే దాని చరిత్ర ఉంది. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడోమ్, ఎండు ప్రాంతాల్లో వంటచెరకుకు పనికొస్తుందని ఈ గింజలు తెప్పించమని సర్కారుకు రాశాడు. జమైకా నుంచి గింజలు వచ్చాయి. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. సర్కారు నాటించింది కనక సర్కారు తుమ్మ. చెడ్డ ఉద్దేశంతో ఎవరూ తేలేదు. కరువు నేలలో పేదవాడి పొయ్యి కింద మంట కోసమే తెచ్చారు, ఆ మేలు నిజంగానే జరిగింది. ఈనాటికీ ఎన్నో ఊళ్లలో దాని బొగ్గు, దాని కట్టె కొందరికి కూడు పెడుతున్నాయి. ఈ మాట మరచిపోయి గొడ్డలి పట్టుకునేవాళ్లతో నేను ఏకీభవించలేను.

అయితే అది అక్కడ ఆగలేదు. తియ్యటి కాయలు పశువులు ఇష్టంగా తింటాయి. గింజ అరగదు, పైగా పేడలో ఎరువుతో సహా కొత్త చోట పడుతుంది. ఆకుల్లోని రసాయనాలు చుట్టుపక్కల గింజల్ని మొలకెత్తనీయవు. వేరు లోతుకు పోతుంది. నరికితే చావదు. నేల మట్టానికి కాస్త కింద, కాండమూ వేరూ కలిసే బుడిపెలో నిద్రపోతున్న మొగ్గలుంటాయి. పైన నరకగానే అవి మేల్కొంటాయి. ఒక కాండం ఉన్నచోట ఏడెనిమిది వస్తాయి. అందుకే ఆర్నెల్లకోసారి జేసీబీతో చదును చేసిన చోట అది మరీ దట్టంగా కనిపిస్తుంది. దానికి మనం చేసింది కత్తిరింపు సేవ.

దీని దూరపు చుట్టం మనకు రాష్ట్ర వృక్షం. దసరాకు పూజ చేసి, ఆకును బంగారమని చేతిలో పెట్టి, పెద్దవాళ్ల కాళ్లకు మొక్కే జమ్మి. మొన్నమొన్నటిదాకా వృక్షశాస్త్రం ఈ రెంటినీ ప్రొసోపిస్ అనే ఒకే ప్రజాతిలో పెట్టింది. 2022లో జన్యువులు చూసి ఆ ప్రజాతిని విడదీశారు. సర్కారు తుమ్మ, దాని అమెరికా బంధువులు నెల్టుమా అనే వేరే ఇంటికి పోయాయి. పాత ఇంటి పేరు జమ్మికే మిగిలింది. స్వభావంలో ఈ రెండూ మొదటినుంచీ వేరే. జమ్మి వేరు 30 మీటర్లకు పైగా లోతుకు దిగి అడుగునున్న తడిని అందుకుంటుంది, పైమట్టి తడికి పోటీ పడదు. దాని నీడలో పంట పండుతుంది. రాజస్థాన్ రైతు చేలో దాన్ని నరకకుండా ఉంచుకునేది అందుకే. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ అనే ఊళ్లో 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చింది ఈ చెట్టు కోసమే. వాళ్లు ఖేజడీ అంటారు, మనం జమ్మి అంటాం.

కంచలో పని చేయడానికి వచ్చేవాళ్లు మొట్టమొదట ఈ రెంటినీ మోకాలెత్తు మొక్కలుగా ఉన్నప్పుడే వేరు చేయగలగాలి. ఆకులు చూసి మోసపోవడం తేలిక, రెండూ చింతాకు లాంటి చిన్నచిన్న ఆకులే. ముల్లు చూడాలి. సర్కారు తుమ్మకు ఆకు పుట్టిన కణుపు దగ్గరే పొడుగైన ముళ్లు, చాలాసార్లు జంటగా ఉంటాయి. జమ్మికి కణుపుకూ కణుపుకూ మధ్య కాడ మీద అక్కడొకటి ఇక్కడొకటిగా, అడుగున వెడల్పై కొసన సన్నగిల్లిన పొట్టి ముళ్లుంటాయి, గులాబీ ముల్లు నిటారుగా నిలబడ్డట్టు. జమ్మి ఆకుపచ్చలో బూడిద కలిసి ఉంటుంది. సర్కారు తుమ్మ పచ్చన నవనవలాడుతుంది. మూడోది నల్ల తుమ్మ, దానికి తెల్లటి జంట ముళ్లు. పసుపు బంతుల్లాంటి పూలు, పూసలు గుచ్చినట్టున్న కాయలు వచ్చాక దాన్ని ఎవరైనా పోలుస్తారు. వేళ్లతో తడిమి చూస్తే రెండు ఆదివారాల్లో ఇవన్నీ వచ్చేస్తాయి. పుస్తకంలో బొమ్మ చూస్తే రెండేళ్లయినా రావు.

ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. జులై నెల. ఆదివారం పొద్దున అయిదారుగురం ఒక గుట్ట వాలులో వయ్యారిభామ పీకుతున్నాం. 1950ల నడుమ పుణె దగ్గర కనిపించి, తర్వాత దేశమంతా పాకిన మొక్క అది. పూతకు రాకముందే, చేతికి తొడుగులు వేసుకుని పీకాలి, లేకపోతే దద్దుర్లు, ఆయాసం. ఆ ఊపులో పక్కనున్న సన్నటి ఆకుల మొక్కలు కూడా ఓ చారెడు లాగేశాను. మేకలు తోలుకుపోతున్న ఒక అవ్వ ఆగి చూసింది.

"ఏం పీకుతున్నవ్ బిడ్డా? అది గునుగు. ఇగ పండుగకు ఏడికెళ్లి తెస్తం?"

నా చేతిలో ఉన్నది బతుకమ్మ పువ్వు. గునుగు పూసినప్పుడు, ఆ తెల్లటి లేతగులాబీ కంకులు చూసి ఎవరైనా గుర్తుపడతారు. జానెడు మొక్కగా ఉన్నప్పుడు గుర్తుపట్టింది ఆ గుంపులో ఆమె ఒక్కతే. ఆ తర్వాత ఆమె మాతో అరగంట నడిచింది. ఇది ఊడుగ, ఇది బలుసు, ఇది పరికి, ఇది మేక ముట్టదు, ఇది ముడితే మేకకు కడుపు ఉబ్బుతుంది అని చెప్పుకుంటూ పోయింది. తంగేడును మేకలు ముట్టవనీ, అందుకే మేపిన కంచలో కూడా అది నిలుస్తుందనీ నాకు మొదట చెప్పింది ఆమే. మా సంచుల్లో నీళ్ల సీసాలు, తొడుగులు, ఫోన్లలో మొక్కల్ని గుర్తుపట్టే యాప్‌లు ఉన్నాయి. కానీ ఆ కంచను అప్పటిదాకా కనిపెట్టుకుని ఉన్నది ఆవిడ.

ఇలాంటి పనికి ప్రపంచంలో పేరున్న పద్ధతి సిడ్నీలో పుట్టింది. 1960ల్లో అక్కడి మోస్మన్ అనే పేటలో జోన్, ఐలీన్ బ్రాడ్లీ అనే అక్కచెల్లెళ్లు రోజూ నడిచే అడవి ముక్కలో పిచ్చిమొక్కలు పీకడం మొదలుపెట్టారు. అధికారులు మనుషుల్ని పెట్టి పొదలన్నీ నరికించిన ప్రతిసారీ అవే మొక్కలు ఇంకా దట్టంగా తిరిగి రావడం వాళ్లు గమనించారు. నరికిన చోట ఎండ పడుతుంది, మట్టి కదులుతుంది, ఆ రెండూ పిచ్చిమొక్కకు పండగ. అందుకని వాళ్లు లోకమంతా చేసేదాన్ని తిరగేశారు. అన్నిటికన్నా చెడిన చోట మొదలుపెట్టకూడదు. బాగున్న చోట మొదలుపెట్టి, దాని అంచున ఉన్న నాలుగు కలుపు మొక్కలు తీసి, చెడిన వైపుకు మెల్లగా జరగాలి. మట్టిని వీలైనంత తక్కువ కదిలించాలి, తొలగించిన ఆకుచెత్తను మళ్లీ అక్కడే పరచాలి. స్థానిక మొక్కలు ఎంత వేగంగా ఆ ఖాళీని నింపుతాయో అంతే వేగంగా ముందుకు పోవాలి, మన ఉత్సాహం ఎంత ఉందో అంత వేగంగా కాదు. మూడోదే కష్టం. ఆదివారం పొద్దున్నే నలభై మంది వచ్చి పని అడుగుతుంటే, 'ఈ వారానికి ఈ పది గజాలే' అని చెప్పడానికి గుండె కావాలి.

వాళ్ల పద్ధతి మన నేలకు అచ్చంగా సరిపోతుందని నా అనుభవం. మన కంచ కూడా తన గింజల్ని మట్టిలో దాచుకునే ఉంటుంది. తంగేడు, రేల, జమ్మి అన్నీ గట్టి పెంకు గింజలే, ఏళ్ల తరబడి కాచుకుని ఉండగలవు. వాటి మీద నీడ, పోటీ తగ్గిస్తే అవే లేస్తాయి. వాన పడ్డ మర్నాడు సర్కారు తుమ్మ పిల్లమొక్కను మొదలు దగ్గర పట్టి మెల్లగా లాగితే వేరంతా వస్తుంది. ఎండిన నేలలో లాగితే పుటుక్కున తెగి, మిగిలిన ముక్క మళ్లీ చిగురిస్తుంది. పని చేయాల్సిన రోజును వాన చెబుతుంది, క్యాలెండర్ కాదు. పెద్ద మొక్కలకు గడ్డపారే దిక్కు. ఆ మొగ్గల బుడిపె కిందికి వేరు తెంచాలి. మనం తలంబ్రాల మొక్క అని పిలుచుకునే లాంటానాకు ఇదే కిటుకును అమిత్ లవ్, సురేశ్ బాబు, సి.ఆర్. బాబు 2009లో శాస్త్రీయంగా రాసిపెట్టారు. వేరును నేల లోపల, చిగుళ్లు పుట్టే చోటుకు కిందుగా కోసి, పొదను తలకిందులుగా పెట్టి ఎండబెట్టాలి. మందు చల్లనక్కర్లేదు.

మరి వేరు బండ చీలికలోకి దిగితే? జోధ్‌పూర్‌లో మెహ్రాన్‌గఢ్ కోట కింద రావ్ జోధా పార్కులో 2006 నుంచి ప్రదీప్ కృషన్ ఈ చిక్కునే ఎదుర్కొన్నారు. అక్కడ కూడా బండలే, ఇదే సర్కారు తుమ్మ. ఏ పద్ధతీ పారక చివరికి తరాలుగా రాయి కొట్టే ఖండ్‌వాలియాలను పిలిచారు. వాళ్లు సుత్తితో తట్టి, చప్పుడు విని, చీలిక ఎటు పోతుందో చెప్పి, ఉలితో రాతిని తొలిచి వేరును బుడిపెతో సహా తీశారు. ఈ సంగతి చదివినప్పుడు నాకు మన వడ్డెర కుటుంబాలే గుర్తొచ్చాయి. రాయి మాట వినగల చెవి మన దగ్గర వాళ్లకే ఉంది. ఆ విద్యకు బండను పగలగొట్టడంలో తప్ప ఇంకెక్కడా కూలి దొరకకుండా చేసింది మనం. కంచను బాగుచేసే పనికి ఏదైనా డబ్బు వస్తే, అందులో మొదటి భాగం అలాంటి చేతులకు పోవాలి. స్వచ్ఛంద సేవ అన్న మాట పనిగలవాడి కూలిని ఎగ్గొట్టే మాట కాకూడదు.

సిడ్నీ మాట వచ్చింది కనక ఇంకో సంగతి. 1890ల్లో మన దేశపు నల్ల తుమ్మను ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌కు గొర్రెల నీడకూ మేతకూ తీసుకెళ్లారు. ఇవాళ అది అక్కడి గడ్డి మైదానాలను లక్షల హెక్టార్ల మేర ముళ్లడవి చేసేసింది. అక్కడివాళ్లు మన తుమ్మను పీకుతుంటే, ఇక్కడ మనం వాళ్ల దేశపు జామాయిల్ తోటలు చూస్తున్నాం. అంటే దోషం చెట్టుది కాదు. తన ఊళ్లో దాన్ని తినే పురుగు, దాని గింజను కొరికే పెంకుపురుగు, దాన్ని అదుపులో ఉంచే పొరుగు అన్నీ ఉంటాయి. ఊరు దాటితే అవన్నీ వెనకబడిపోతాయి.

పరదేశపు మొక్కలన్నిటినీ పీకేయాలని నేను అనను. తంగేడు, గునుగు పక్కన బతుకమ్మలో పేర్చే బంతి మెక్సికో నుంచి వచ్చింది. గుట్టల మీది సీతాఫలం అమెరికా ఖండాలది. కంటోన్మెంటు రోడ్ల మీద నీడనిచ్చే నిద్రగన్నేరూ అటునుంచి వచ్చిందే. మన కూరలో మిరపకాయ సంగతి చెప్పనే అక్కర్లేదు. నేను చూసేది పుట్టిన ఊరు కాదు, నడవడిక. పక్కవాణ్ని బతకనిస్తుందా? సీతాఫలం కింద బలుసు మొలుస్తుంది, గునుగు పూస్తుంది. సర్కారు తుమ్మ తోపు లోపలికి వంగి వెళ్లి చూడండి. కింద ఎండుటాకులు, ముళ్లు తప్ప గడ్డిపోచ ఉండదు.

నాటే విషయంలో కూడా అంతే జాగ్రత్త కావాలి. 2015లో మొక్కలు నాటే ప్రభుత్వ పథకం హరితహారం మొదలయ్యాక రోడ్ల వెంట కోనోకార్పస్ అనే చెట్టు బారులు తీరింది. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, త్వరగా పెరుగుతుంది. అయినా 2022లో దాన్ని ఇక నాటొద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్య గారు 2025లో కన్నుమూసేదాకా జేబులో గింజలు వేసుకుని తిరిగిన మనిషి. ఆయన్ని తలుచుకుని చాలామంది మొక్కలు నాటుతారు. తలుచుకోవలసిందే. కానీ ఆయన పనిలో నాటడమొక్కటే లేదు, గింజలు ఏరడమూ ఉంది. ఏ గింజ ఏ నెలలో, ఏ చెట్టు కింద దొరుకుతుందో తెలియడం. నర్సరీ నుంచి వచ్చిన మూడడుగుల మొక్కను బండ పక్కన గుంత తీసి పెడితే, సంచిలో చుట్టుకుపోయిన దాని వేరు రాతి సందు వెతుక్కోవడం కష్టం. అక్కడే రాలి అక్కడే మొలిచిన మొక్క ఆకు వేసేలోపే వేరును లోతుకు దించేస్తుంది. ఎండాకాలం దాటేది ఆ మొలకే.

నాటడం కన్నా కాపలాకే పెద్దపీట వేస్తే ఏమవుతుందో చూడాలంటే అనంతపురం వైపు వెళ్లాలి. 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వాళ్ల మిత్రులు 32 ఎకరాల పాడుబడ్డ నేల కొని టింబక్టు కలెక్టివ్ మొదలుపెట్టారు. తర్వాత చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కలిసి కల్పవల్లి పేరుతో వేల ఎకరాల రెవెన్యూ బంజరును సాకారు. వాళ్లు ముఖ్యంగా చేసినవి రెండు: ఎండాకాలంలో మంట పాకకుండా గడ్డి కోసి దారులు తీయడం, గొడ్డలి పడకుండా ఊరే కాపలా ఉండడం. గడ్డి వచ్చింది, ఈత వచ్చింది, వాగుల్లో నీళ్లు ఎక్కువ రోజులు నిలిచాయి. అప్పటి అనంతపురం జిల్లా దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. ఆ తర్వాత గాలిమరల కోసం గుట్టల మీద రోడ్లు వేసినప్పుడు కల్పవల్లి కొంత దెబ్బతింది. కాగితాల్లో అది ఇంకా బంజరే కావడం దానికొక కారణం. పేరు ఎంత పని చేస్తుందో చూడండి.

మా ఆదివారాల పని అంత పెద్దది కాదు. జూన్, జులైలో వానను బట్టి పిల్ల తుమ్మల్ని లాగడం. ఆగస్టులో వయ్యారిభామ. కార్తీకం దాటాక ఏ మొక్కకు కాయ పట్టిందో, దేనికి పట్టలేదో చూసి రాసుకోవడం. రేల, మోదుగ పూసే ఎండల్లో నిప్పు మీద కన్నేసి ఉండడం. ఎండుకొమ్మలు ఎక్కడున్నవి అక్కడే. గుండ్రటి రంధ్రమున్న మోడు ఒకటి మా వాలులో ఉంది, దాన్ని ఎవరూ ముట్టరు. నడిచే దారి ఒక్కటే, దాన్ని వెడల్పు చేయం. జమ్మి మొక్కలు రెండు మేక నోటికి అందనంత ఎత్తు అయ్యేదాకా వాటి చుట్టూ పరికి కంప పేర్చాం. ఆ ఉపాయం కూడా అవ్వదే.

మొన్న భాద్రపదం చివర మళ్లీ ఆమె కనిపించింది. కొంగులో తంగేడు, చేతిలో గునుగు కట్ట. నేను నాలుగేళ్ల కిందట చారెడు పీకిన ఆ వాలే, ఇప్పుడు నడుమెత్తున తెల్లగా, గులాబీగా ఊగుతోంది. ఆమె కొడవలితో వరసగా కోసుకుంటూ పోయి, ఒక చోట ఆగి, దుప్పటంత జాగాను వదిలేసి అవతలికి నడిచింది. అక్కడివి ఎందుకు కోయలేదని అడిగితే తల తిప్పకుండానే, "అవి విత్తనానికి" అంది. బతుకమ్మ నాటికి ఆ వదిలిన కంకుల మీద గింజలు ముదిరాయి. చిన్న పిట్టలు కాడలు వంగేలా వాలి, ఒలుచుకుని తింటూ, సగం కింద రాల్చుకుంటున్నాయి.